ఆక్సిమీటర్‌లో తొంభై కనిపిస్తే

కరోనా రోజుల్లో కొన్న ఆక్సిమీటర్ ఇప్పటికీ చాలా ఇళ్ల బీరువాల్లో ఉంది. కొందరి ఇళ్లలో అది పాత ఛార్జర్ల పక్కన మూలన పడి ఉంటే, ఇంకొందరి ఇళ్లలో రోజుకు పదిసార్లు బయటికి వస్తోంది. ఈ రెండో రకం ఇళ్ల కోసం, ఆ ఇళ్లకు మన సొసైటీ ద్వారా ఆక్సిజన్ యంత్రాలు ఇప్పిస్తున్న దాతల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పే టీచర్ని. ఏ మందు వాడాలో చెప్పడం నా పని కాదు. ఆ చిన్న తెర మీద కనిపించే అంకెకు అర్థం ఏమిటో మాత్రం పాఠం చెప్పినట్టు చెప్పగలను.

ముందుగా ఇది ఎవరికి సంబంధించిన మాటో చెప్పాలి. ఏళ్ల తరబడి పొగ పీల్చి ఊపిరితిత్తుల గొట్టాలు ఇరుకై, గాలి సంచులు పాడైపోయే జబ్బును డాక్టర్లు సీఓపీడీ అంటారు. మన వాడుకలో ఆయాసం జబ్బు, దమ్ము అని ఏదో ఒకటి అనేస్తాం. ఉబ్బసం వేరు, ఇది వేరు. మన దేశంలో మరణాలకు కారణాల జాబితాలో గుండె జబ్బుల తర్వాత రెండో స్థానం దీనిదే. బీడీ, సిగరెట్టు తాగేవారికే వస్తుందనుకోవడం పొరపాటు. జీవితంలో ఒక్క బీడీ ముట్టకుండా నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చున్న అమ్మమ్మలు, నానీలు ఈ జబ్బుతో ఆస్పత్రుల్లో కనిపిస్తారు. పత్తి దుమ్ములో, రాళ్ల క్వారీల్లో, ఇటుక బట్టీల దగ్గర పనిచేసినవారికి కూడా ముప్పు ఎక్కువే. జబ్బును నిర్ధారించేది గట్టిగా గాలి ఊదించి చేసే స్పైరోమెట్రీ పరీక్ష. ఆక్సిమీటర్ జబ్బును కనిపెట్టదు. ఆ క్షణంలో రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో ఒక అంచనా ఇస్తుంది, అంతే.

ఇక ఆ అంచనా ఎలా ఇస్తుందో చూద్దాం. మన ఎర్ర రక్తకణాల్లో హిమోగ్లోబిన్ ఉంటుందని ఎనిమిదో తరగతి పిల్లవాడికీ తెలుసు. ఒక్కో హిమోగ్లోబిన్ అణువును నాలుగు సీట్ల ఆటో అనుకోండి. ఊపిరితిత్తులు స్టాండు. అక్కడ ఆక్సిజన్ ఎక్కుతుంది, ఒంట్లో కావలసిన చోట దిగుతుంది. స్టాండు నుంచి బయల్దేరిన ఆటోలన్నిటిలో కలిపి నూటికి ఎన్ని సీట్లు నిండాయన్నదే ఆక్సిమీటర్ చూపే అంకె. ఆక్సిజన్ ఎక్కిన రక్తం బాగా ఎర్రగా, దిగిపోయిన రక్తం నల్లటి ఎరుపులో ఉంటుంది. క్లిప్పులో ఒకవైపు ఎర్రని కాంతి, కంటికి కనిపించని పరారుణ కాంతి వెలుగుతాయి. వేలిని దాటి అవతలికి ఏ కాంతి ఎంత వచ్చిందో రెండోవైపు కొలుస్తారు. అయితే వేలిలో చర్మం, ఎముక, కండ కూడా కాంతిని మింగుతాయి కదా, రక్తం లెక్క విడిగా ఎలా తేలుతుంది? ఈ చిక్కును విప్పినవాడు టకువో అవోయాగి అనే జపాన్ ఇంజనీరు. నాడి కొట్టుకున్నప్పుడల్లా మారేది ధమనిలోని రక్తం ఒక్కటే, మిగతావన్నీ కదలకుండా ఉంటాయి. కాబట్టి మారే భాగాన్ని మాత్రమే లెక్కకు తీసుకుంటే చాలునని ఆయన 1970ల తొలినాళ్లలో గుర్తించాడు. ఆయన 2020 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రపంచమంతా ఆ క్లిప్పు కోసం మందుల షాపుల ముందు క్యూ కట్టింది.

నాడి మీద ఆధారపడే పరికరం కనుక నాడి సరిగా అందకపోతే లెక్క తప్పుతుంది. చలికాలం ఫజర్ వేళ చన్నీళ్లతో వజూ చేసి వచ్చి, ఆ చల్లని వేలికి క్లిప్పు తగిలిస్తే 86 కనిపించవచ్చు. చేతులు రుద్దుకుని, వెచ్చబడ్డాక చూస్తే అదే మనిషికి 93 ఉండవచ్చు. చెయ్యి వణుకుతున్నా, ఊగుతున్నా అంకె నమ్మదగింది కాదు. నెయిల్ పాలిష్ ఉంటే తీసేయాలి. ఎర్రగా పండిన మెహందీ వల్ల సాధారణంగా ఇబ్బంది రాదు గానీ, నల్లటి మెహందీ దట్టంగా ఉంటే కాంతి దాటదు. అప్పుడు మెహందీ లేని వేలిని చూడండి. అయిదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చుని, చెయ్యి బల్ల మీద ఆనించి, చూపుడు వేలికో మధ్య వేలికో పెట్టి, అంకె కుదురుకునే దాకా కనీసం అర నిమిషమైనా ఆగాలి. తగిలించగానే కనిపించిన మొదటి అంకెను రాసుకుని కంగారు పడేవాళ్లే ఎక్కువ.

తెర మీద రెండు అంకెలుంటాయి. ఒకటి ఆక్సిజన్ శాతం, రెండోది నాడి వేగం. ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకునేవాళ్లు ఉన్నారు. ఇంకో విచిత్రం వినండి. తెరను తలకిందులుగా చూస్తే 98 కాస్తా 86 అవుతుంది, 86 కాస్తా 98 అవుతుంది. కాగితం మీద రాసి తిప్పి చూడండి. ఎదురుగా నిలబడి చూసేవారికి ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మొదటిదాంతో అనవసరపు భయం, రెండోదాంతో అంతకన్నా చెడ్డదైన ధైర్యం.

సరిగానే చూశాం, తొంభై వచ్చింది. భయపడాలా?

మన సమాజానికి మార్కుల జబ్బు ఉంది. పిల్లవాడికి తొంభై వస్తే మిగతా పది ఏమయ్యాయని అడిగే తల్లిదండ్రులు ఆక్సిమీటర్‌నూ అదే కళ్లతో చూస్తారు. ఆరోగ్యంగా ఉన్నవారికి 95 నుంచి 100 మధ్య ఉండటం మామూలు. అలాంటివారికి జ్వరం, దగ్గుతో అది ఉన్నట్టుండి 91కి పడిపోతే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. కానీ పదేళ్లుగా సీఓపీడీతో ఉన్న మనిషి ఒళ్లు కొంత తక్కువ ఆక్సిజన్‌కు అలవాటు పడి ఉంటుంది. ఆయన ఆరోగ్యంగా కుదురుగా ఉన్న రోజున కూడా 91, 92 చూపవచ్చు. ఆయనకు అదే మామూలు. కాబట్టి ఏ ఇబ్బందీ లేని రోజుల్లో వారం పాటు ఒకే సమయానికి చూసి రాసిపెట్టుకుంటే ఆ మనిషి సొంత అంకె తెలుస్తుంది. ఆ తర్వాత పోల్చుకోవలసింది పక్కింటివారి 98తో కాదు, ఆ సొంత అంకెతో. దాన్నుంచి మూడు నాలుగు పాయింట్లు తగ్గి, చేతులు వెచ్చగా ఉన్నా మళ్లీ మళ్లీ అలాగే చూపిస్తుంటే డాక్టర్‌కు చెప్పాలి.

తొంభై దగ్గర ఎందుకింత పట్టింపు అంటే, అక్కడొక అంచు ఉంది. ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనాన్ని పాదరసం మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఆ పీడనం 100 నుంచి 60కి పడిపోయినా, అంటే ఏకంగా 40 తగ్గినా, ఆక్సిమీటర్ అంకె 97, 98 నుంచి 90కి మాత్రమే జారుతుంది. అదే 60 నుంచి 40కి, అంటే ఇంకో 20 తగ్గితే చాలు, అంకె 90 నుంచి 75కి కూలిపోతుంది. కొండ మీద చదునైన నేల ఉండి, ఒక చోటికి రాగానే నిట్టనిలువు పల్లం మొదలైనట్టు. చదును మీద 96కూ 93కూ తేడా పెద్దది కాదు. అంచు దాటాక ఒక్కో అడుగూ ప్రమాదమే. 90 దగ్గర ఉన్నవారు అంచు మీద నడుస్తున్నవారు. నడవవచ్చు, కానీ కాలు జారకుండా చూసుకోవాలి.

ఇంతకన్నా ముఖ్యమైన విషయం, చాలామంది దాతలకు కూడా తెలియనిది, ఆక్సిజన్ ఎక్కువైతే వచ్చే ప్రమాదం. మా బంధువుల్లో ఒక పెద్దాయన, నాకు వరసకు మామూ అవుతారు, ఇంట్లో కాన్సంట్రేటర్ మీద ఉండేవారు. డాక్టర్ నిమిషానికి ఒక లీటరు పెట్టమని రాశారు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన కొడుకు, తండ్రికి తొంభై ఉండటం చూసి తట్టుకోలేక మీట నాలుగు లీటర్లకు తిప్పాడు. సాయంత్రానికి 98 వచ్చింది. "అబ్బాకి తొంభై ఎనిమిది వచ్చింది, ఇన్నాళ్లూ మీరెవరూ పట్టించుకోలేదు" అని అక్కచెల్లెళ్లందరికీ ఫోన్లు చేశాడు. ఆ రాత్రి ఆయన హాయిగా నిద్రపోయారనే అనుకున్నారు. తెల్లవారి లేపితే కళ్లు తెరవడం, మళ్లీ మూసుకోవడం, మాట ముద్దముద్దగా రావడం. వేలికి క్లిప్పు పెడితే 97. ఆస్పత్రిలో మణికట్టు దగ్గర ధమని రక్తం తీసి చూస్తే కార్బన్ డయాక్సైడ్ విపరీతంగా పెరిగి ఉంది. మూడు రోజులు మాస్కుతో శ్వాసయంత్రం పెట్టాక తేరుకున్నారు.

ఆ కొడుకు ప్రేమలో లోపమేమీ లేదు. అతనికి చెప్పనిది ఏమిటంటే, ఆక్సిమీటర్ సగం కథే చెబుతుంది. ఊపిరితిత్తులకు రెండు పనులు. ప్రాణవాయువును లోపలికి తేవడం ఒకటి, మా చిన్నప్పటి పుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అని రాసిన కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపడం రెండోది. రెండో పని ఎలా సాగుతోందో వేలి క్లిప్పుకు తెలియదు.

ఆక్సిజన్ ఎక్కువైతే అది ఎందుకు పేరుకుంటుందో మన కృష్ణా డెల్టా రైతుకు సులభంగా అర్థమవుతుంది. పాడైపోయి పంట పండని పొలానికి నీళ్లు వృథా కాకుండా ఆ తూము మూసి, పండే పొలానికి నీళ్లు మళ్లిస్తాం. ఊపిరితిత్తులు కూడా అంతే. గాలి సరిగా ఆడని భాగాలకు వెళ్లే రక్తనాళాలను బిగించి, గాలి ఆడే భాగాలకు రక్తాన్ని మళ్లిస్తాయి. బయటి నుంచి ఆక్సిజన్ ఎక్కువ పోస్తే ఆ పాడైన భాగాల్లోనూ ఆక్సిజన్ నిండి, మూసిన తూములు తెరుచుకుంటాయి. రక్తం అక్కడికి పారుతుంది, కానీ గాలి ఆడదు కనుక కార్బన్ డయాక్సైడ్ బయటికి పోదు. దీనికి తోడు, ఆక్సిజన్ నిండిన హిమోగ్లోబిన్ కార్బన్ డయాక్సైడ్‌ను అంతగా మోయలేదు. కొందరిలో శ్వాస వేగం కూడా కాస్త మందగిస్తుంది. పొద్దున్నే తలనొప్పి, పగలు మత్తు, తికమక మాటలు, చేతులు ఆడించినట్టు వణకడం దీని గుర్తులు.

అందుకే ఈ ప్రమాదం ఉన్న సీఓపీడీ రోగులకు బయటి నుంచి ఆక్సిజన్ ఇచ్చేటప్పుడు 88 నుంచి 92 మధ్య ఉంచమని బ్రిటన్ ఛాతీ వైద్యుల సంఘం 2008లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో అంబులెన్సుల్లోనే రెండు పద్ధతులనూ పోల్చి చూశారు. 2010లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చినవారికన్నా 88-92 మధ్య ఉండేలా కొలిచి ఇచ్చినవారిలో మరణాలు సగానికన్నా తక్కువ. కాబట్టి 108 అంబులెన్స్ ఎక్కించేటప్పుడు "సీఓపీడీ ఉంది, ఆక్సిజన్ 88-92 మధ్య ఉంచమని డాక్టర్ చెప్పారు" అన్న చీటీ చేతికివ్వడం మేలు. ఆ చీటీని డాక్టర్ చేతే ముందుగా రాయించి ఆక్సిమీటర్ డబ్బాలో పెట్టుకోండి. ఒక జాగ్రత్త. ఈ 88-92 లెక్క అందరిదీ కాదు. నిమోనియా వచ్చిన ఆరోగ్యవంతుడికి, గుండెజబ్బు రోగికి డాక్టర్లు సాధారణంగా 94 పైన ఉంచుతారు.

అంకె బాగుండి మనిషి బాగా లేకపోవడం ఇంకొన్ని రకాలుగా కూడా జరుగుతుంది. సిగరెట్టు తాగి వచ్చినవారి రక్తంలో, తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి దగ్గర కూర్చున్నవారి రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఆటో సీట్లు ఆక్రమించి కూర్చుంటుంది. ఆక్సిమీటర్ దాన్ని ఆక్సిజన్ అనే అనుకుని ఎక్కువ చూపిస్తుంది. రక్తహీనత ఉన్న ఆడవాళ్లకు 98 ఉన్నా ఆయాసం రావచ్చు. సీట్లన్నీ నిండాయి నిజమే, అసలు ఆటోలే సగం ఉన్నాయి! చర్మం రంగు సంగతి కూడా ఉంది. అమెరికాలో 2020లో వచ్చిన ఒక పరిశోధనలో, క్లిప్పు 92 నుంచి 96 చూపిన నల్లజాతి రోగుల్లో దాదాపు 12 శాతం మందికి అసలు రక్తపరీక్షలో 88 కన్నా తక్కువ తేలింది. తెల్లవారిలో అలా జరిగింది 4 శాతం లోపే. మన ఛాయలు కూడా ఎక్కువగా చామనఛాయ, నలుపే కదా. అందుకే మంచి పరికరంలోనూ రెండు మూడు పాయింట్ల తేడా ఉండవచ్చని మనసులో పెట్టుకోవాలి.

అంకె బాగున్నా ఆయాసం రావడం ఈ జబ్బులో మామూలే. గాలి లోపల చిక్కుకుపోయి, ఊపిరి వదలడం కష్టమై 95 దగ్గర కూడా ఉక్కిరిబిక్కిరి అవుతారు. అప్పుడు కావలసింది ఆక్సిజన్ కాదు. ముందుకు వంగి కూర్చుని, ముక్కుతో పీల్చి, దీపం ఊదుతున్నట్టు పెదాలు సున్నా చుట్టి నెమ్మదిగా వదలాలి. డాక్టర్ రాసిన ఇన్హేలర్ సరిగా పీల్చాలి. మీటరు తెర చూసి "బానే ఉంది, ఊరికే కంగారు పడుతున్నావ్ నానీ" అని ముసలామెను కసిరే మనవళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, పెదాలు నల్లబడటం, కఫం పచ్చగా మారి ఎక్కువ కావడం, కొత్తగా మత్తు, తికమక, ఇలాంటివి ఉంటే అంకె ఎంతున్నా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కూర్చుని ఉన్నా 88 కన్నా కిందే ఉండిపోతుంటే, డాక్టర్ వేరే హద్దు రాసిచ్చి ఉంటే దానికన్నా తగ్గితే, గుర్తుల కోసం ఎదురుచూడకూడదు.

హజ్, ఉమ్రా ప్రయాణాల ముందు చాలామంది అడుగుతారు కనుక ఒక మాట. విమానం లోపలి గాలి నేల మీది గాలి లాంటిది కాదు, ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత పలుచగా ఉండవచ్చు. ఇంట్లో 92 ఉన్నవారు ఆకాశంలో అంచు దిగిపోతారు. టికెట్టు కొనకముందే ఛాతీ డాక్టర్‌ను కలవండి. విమానంలో ఆక్సిజన్ అవసరమైతే సంస్థకు ముందుగా చెప్పాలి.

ఇప్పుడు దాతల సంగతి. ఆయాసం ఉన్న ప్రతి ఇంటికీ కాన్సంట్రేటర్ ఇస్తే పుణ్యం అనుకుంటాం. ఎవరికి మేలు చేస్తుందో పరిశోధనలు తేల్చాయి. 1981లో బ్రిటన్‌లో రక్తంలో ఆక్సిజన్ బాగా తగ్గిపోయిన 87 మందిని అయిదేళ్లు గమనించారు. రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ పెట్టుకున్న 42 మందిలో 19 మంది, పెట్టుకోని 45 మందిలో 30 మంది చనిపోయారు. అంతకు ముందు ఏడాది అమెరికాలో వచ్చిన ఫలితాల్లో, దాదాపు రోజంతా పెట్టుకున్నవారికన్నా రాత్రి 12 గంటలే పెట్టుకున్నవారిలో మరణాలు దాదాపు రెండింతలు. కానీ 2016లో, విశ్రాంతిలో 89 నుంచి 93 మధ్య ఉన్నవారితో పాటు, నడిచినప్పుడు మాత్రమే కొంత తగ్గేవారిని కలిపి 738 మందిని పరీక్షిస్తే, యంత్రం వల్ల ఆయుష్షులో గానీ ఆస్పత్రి పాలవడంలో గానీ తేడా రాలేదు. అంటే, మందులు వాడి కుదురుకున్నాక కూడా విశ్రాంతిలో 88, అంతకన్నా తక్కువ ఉన్నవారికి, రక్తపరీక్ష చూసి డాక్టర్ రాసిస్తే, ఆ యంత్రం ప్రాణం నిలుపుతుంది. 92 ఉన్నాయనకు ఇస్తే అది మూలన కూర్చుంటుంది, కావలసినవాడికి అందదు. అర్జీతో పాటు డాక్టర్ చీటీ తప్పనిసరిగా అడగాలని నా అభిప్రాయం. ఇది కఠినంగా అనిపించవచ్చు గానీ, యంత్రాలు పదే ఉన్నప్పుడు వేరే దారి లేదు.

ఇచ్చాక ఇంకో చిక్కు ఉంది. అయిదు లీటర్ల కాన్సంట్రేటర్ సుమారు 350 వాట్ల కరెంటు తీసుకుంటుంది. 15 గంటలు నడిస్తే రోజుకు అయిదు యూనిట్లు, నెలకు 150 పైమాటే. రెండు గదుల ఇంట్లో మామూలు వాడకం మీద ఇది పడితే స్లాబు మారి బిల్లు ఎగబాకుతుంది. అప్పుడు ఏం చేస్తారు? పగలు ఆపేస్తారు, రాత్రి నాలుగు గంటలు పెడతారు, మనం అడిగితే "నడుస్తోంది భాయ్" అంటారు. నాలుగు గంటల ఆక్సిజన్‌తో పైన చెప్పిన లాభమేదీ రాదు. యంత్రం కొనే డబ్బులో కొంత బిల్లు సాయానికి పక్కన పెడితే, యంత్రాల సంఖ్య తగ్గినా ఫలితం ఎక్కువ. యంత్రం వెనుక గంటల మీటరు ఉంటుంది, నెలకోసారి వాలంటీరు దాన్ని రాసుకుని వస్తే ఎంతసేపు వాడుతున్నారో తెలుస్తుంది. వాడకం తక్కువ ఉంటే కోప్పడకుండా కారణం అడగాలి. గొట్టం చెవుల దగ్గర ఒరుసుకుని పుండు పడటం కూడా ఒక కారణం కావచ్చు, దూది చుడితే పోతుంది.

ఆక్సిజన్ నడుస్తున్న గదిలో బీడీ, సిగరెట్టు, కొవ్వొత్తి, పొయ్యి ఉండకూడదు. గురువారం రాత్రి వేసే ఊదు, లోబాన్ కూడా ఆ గదిలో వద్దు. నిప్పు ప్రమాదం ఒకటి, ఆ పొగ పాడైన ఊపిరితిత్తులకు పడకపోవడం ఇంకొకటి. ముక్కు ఎండిపోతోందని వాసెలిన్, నూనె రాయకూడదు. వెనుక స్పాంజి ఫిల్టర్‌ను వారానికోసారి కడిగి ఆరబెట్టాలి. తేమ సీసాలో మరిగించి చల్లార్చిన నీళ్లు రోజూ మార్చాలి. ఒక ఇంటి నుంచి యంత్రం తిరిగి వచ్చినప్పుడు పాత ముక్కు గొట్టం, సీసా పారేసి కొత్తవి వేయాలి. మెకానిక్ చేత వచ్చే గాలిలో ఆక్సిజన్ శాతం కొలిపించాలి. 90కి అటూ ఇటూ ఉండవలసింది 80 దిగువన ఉంటే, లోపల నత్రజనిని పట్టుకునే జియోలైట్ గింజలు పాడయ్యాయని అర్థం. అలాంటి యంత్రం శబ్దం మామూలుగానే చేస్తుంది, గాలి మామూలుగానే వస్తుంది. కొలవకుండా రెండో ఇంటికి పంపకూడదు.